మూడు రోజులు ఎవరిదీ కాని రైఫిల్

గురువారం ఉదయం పదీ పది. కౌంటీ జైలు గదిలో డెల్బర్ట్ ఓస్‌గుడ్ నా ఎదురుగా కూర్చుని, నేను డిటెక్టివ్‌నని మర్చిపోయి, తను కొన్న రైఫిల్ స్క్రూల మీద ఫిర్యాదు చేస్తున్నాడు.

"ఇరవై రెండు ఫోటోలు మేడమ్. అడుగున ఉన్న రెండు స్క్రూలనీ దగ్గర్నుంచి తీసి పంపమని అడిగి మరీ తెప్పించుకున్నా. అద్దంలా ఉన్నాయి. తీరా చేతికొచ్చాక చూస్తే తలల మీద గాడులు నలిగిపోయి ఉన్నాయి. అమ్మినవాడు దొంగ."

"డెల్బర్ట్, నీ మీద హత్య కేసు ఉంది."

"తెలుసు మేడమ్. అది వేరు, ఇది వేరు."

అరవై ఒక్క ఏళ్ళ స్కూలు బస్సు డ్రైవరు. మధ్యాహ్నం రెండింటికి ఇతన్ని జడ్జి ముందు నిలబెడతారు. హత్యానేరం కింద లోపల పెట్టమని జడ్జి అంటే మా దగ్గర బెయిల్ ఉండదు. విచారణ మొదలయ్యేది వచ్చే వేసవికి. అప్పటిదాకా ఇతను ఈ నారింజ రంగు బట్టల్లోనే ఉండాలి, ఆ తర్వాత బహుశా బతికినంత కాలమూ ఉండాలి. ఇతనికేమో స్క్రూల బెంగ.

కేసు చెప్పుకోవడానికి నాలుగు ముక్కలు చాలు. పోయిన బుధవారం ఉదయం ఐదూ నలభైకి, సన్నటి వానలో, రాయిస్ టెనంట్ తన పొలం గేటు తీస్తుండగా ఎవరో ఒక్క తూటాతో కాల్చి చంపారు. చప్పుడు విని పక్కింటావిడ గడియారం చూసింది కాబట్టి టైములో తేడా లేదు. తూటా 257 రాబర్ట్స్ అనే పాత రకం. ఈ రోజుల్లో అది వాడేవాళ్ళని మా కౌంటీలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంతకు పది రోజుల ముందు డెల్బర్ట్ ఆన్‌లైన్ వేలంలో అలాంటి రైఫిలే ఒకటి గెలుచుకున్నాడు. పైగా రాయిస్‌తో ఇతనికి పడదు. స్కూలు బస్సు ఎర్రదీపాలు వేసుకుని ఆగితే వెనకున్న బళ్ళన్నీ ఆగాలి. రాయిస్ ఆగేవాడు కాదు. ట్రక్కులో పక్కనుంచి దూసుకుపోయేవాడు. డెల్బర్ట్ మూడుసార్లు కంప్లయింట్ ఇచ్చాడు. నాలుగోసారి కాఫీ హోటల్లో పదిమంది ముందు, "వాణ్ణి ఎవడైనా కాల్చి పారేస్తే పీడా విరగడవుతుంది" అన్నాడు. నోరు అదుపులో పెట్టుకోలేని మనిషి.

శనివారం రైఫిల్ పట్టుకుపోయారు. నిన్న లేబొరేటరీ నుంచి కబురొచ్చింది. రాయిస్‌ని చంపిన తూటా అందులోంచి వచ్చిందే, సందేహం లేదు.

కాబట్టి ప్రశ్న ఒక్కటే. బుధవారం ఐదూ నలభైకి ఆ రైఫిల్ ఎవరి చేతిలో ఉంది?

"రైఫిల్ పెట్టె వచ్చిందని నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మంగళవారం మధ్యాహ్నం కొరియర్ వాళ్ళ మెసేజ్ వచ్చింది. వెంటనే తుపాకుల దుకాణం వర్జిల్‌కి ఫోన్ చేశా. 'ఇంకా రాలేదు, వస్తే చెప్తాలే' అన్నాడు. శుక్రవారం మూడింటికి ఆయనే చేసి రమ్మన్నాడు. ఆయన అంతే మేడమ్, నెట్‌లో కొన్నవాళ్ళని నానబెడతాడు. అదొక సరదా ఆయనకి."

"పెట్టె నీ ముందే తెరిచాడా?"

"నా ముందే. కత్తితో పైన కోశాడు. స్క్రూలు చూసి నేను గోలపెడితే కడుపు పట్టుకుని నవ్వాడు. 'ఫోటో చూసి పెళ్ళి చేసుకున్నావు, ఇప్పుడు ఏడిస్తే ఎలా' అన్నాడు."

"రాయిస్ కూడా తన గరాజులో తుపాకుల వ్యాపారానికి లైసెన్సు పెట్టుకున్నాడుగా. అతని దగ్గరికి తెప్పించుకుంటే అదే రోజు చేతికిచ్చేవాడు."

డెల్బర్ట్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "పిల్లలు దిగుతుంటే పక్కనుంచి దూసుకుపోయేవాడి గడప తొక్కుతానా మేడమ్?"

ఇతన్ని హంతకుడనడానికి బుర్ర ఎంత తక్కువుండాలో అంత తక్కువున్న మనిషి ఒకడు మాకు రాజధాని నుంచి వచ్చాడు. పేరు బ్రాంట్ హోల్కమ్. రాష్ట్ర దర్యాప్తు అధికారి. ఇస్త్రీ చెడని కోటు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన తుపాకీ తప్ప జన్మలో ఇంకోటి కొన్న పాపాన పోలేదు. శనివారం నాతో ఏమన్నాడో తెలుసా? "నెట్‌లో కొన్నాడు కదా, నాలుగు రోజుల్లో ఇంటికొచ్చి ఉంటుంది." పిజ్జా అనుకున్నాడు.

వేలంలో కొన్న తుపాకీ కొన్నవాడి ఇంటికి రాదు. అమ్మినవాడు దాన్ని కొన్నవాడి ఊళ్ళో లైసెన్సు ఉన్న దుకాణానికి పంపాలి. దుకాణదారు పెట్టె అందుకుని, రిజిస్టర్లో తారీఖు వేసి నంబరు ఎక్కించాలి. కొన్నవాడు వెళ్ళి ఫారం నింపి, వెనక నేరాలేమీ లేవని ఫోన్‌లో తేలాకే దాన్ని ముట్టుకోవాలి. మా ఊళ్ళో బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతిది. నేను చెప్తే హోల్కమ్ మొహం చిట్లించి, దుకాణానికెళ్ళి రిజిస్టర్ చూశాడు. వచ్చింది శుక్రవారం, మూడూ యాభై. ఇచ్చింది శుక్రవారం, నాలుగున్నర. హత్య జరిగింది బుధవారం. కేసు అక్కడే చావాలి.

చావలేదు. నిన్న సాయంత్రం హోల్కమ్ కొరియర్ వాళ్ళ దగ్గర్నుంచి రసీదు తెప్పించాడు. పెట్టె దుకాణానికి చేరింది మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి. కింద సంతకం ప్రోక్టర్ అని, వర్జిల్ ఇంటిపేరు. మూడు రోజులు ఎక్కడా ఎక్కని రైఫిల్. అమ్మినవాడి పుస్తకంలోంచి వెళ్ళిపోయింది, వర్జిల్ పుస్తకంలోకి రాలేదు. ఆ మూడు రోజులూ అది ఎవరిదీ కాదు.

నేను ఇరవై రెండు ఫోటోలూ తీసుకుని లేచాను.

"మేడమ్, నా బస్సు ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు డెల్బర్ట్.

"ఎవరో ఒకరు నడుపుతున్నార్లే."

"మిల్ రోడ్డు మలుపు దగ్గర బ్రేకు ముందే వెయ్యాలి. చెప్పండి వాళ్ళకి."

పదీ నలభై ఐదుకి సాక్ష్యాల గదిలో భూతద్దం పెట్టి ఆ స్క్రూలు చూశాను. చెక్క పిడినీ ఇనుప గొట్టాన్నీ కలిపి పట్టుకునే స్క్రూలవి. డెల్బర్ట్ అబద్ధమాడలేదు. గాడి నిండా కాదు, మధ్యలో మాత్రమే నలిగింది. అంటే గాడి వెడల్పుకి చాలని సన్నటి మొనతో ఎవరో తిప్పారు, జారింది, మళ్ళీ తిప్పారు. పిడి విప్పి చూశాను. చెక్క లోపల కొత్తగా రాసిన నూనె ఉంది. ఫోన్‌లో వాటిని ఫోటోలు తీసి బయల్దేరాను.

పదకొండూ ఇరవై ఐదుకి వర్జిల్ ప్రోక్టర్ దుకాణం తలుపు తోశాను. తలుపు మీద ఆయన చేత్తో రాసిన అట్ట వేలాడుతోంది: 'నెట్‌లో కొన్నవాళ్ళు ఓపిక కూడా కొనుక్కుని రావలెను.' డెబ్బై రెండేళ్ళ వర్జిల్ కౌంటర్ వెనక స్టూలు మీద, ఈ లోకం తనకి బాకీ ఉన్నట్టు కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య అర్లీన్ వెనక గదిలో కుట్టు మిషను మీద రైఫిల్ బెల్టు కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపి, అడక్కుండానే కాఫీ, దాల్చినచెక్క బన్ను తెచ్చి పెట్టింది. నా చిన్నప్పుడు మా నాన్నతో వచ్చినప్పుడూ ఇంతే. ఆమె ఏమైనా మాట్లాడిందేమో గుర్తు లేదు.

"ఏమ్మాయ్ మార్వా, నీకూ నెట్ పిచ్చి పట్టిందా?" అన్నాడు వర్జిల్.

"మంగళవారం పదకొండూ ఇరవైకి ఎక్కడున్నారు?"

"పన్ను పీకించుకోడానికి పోయా. ఒంటిగంటకి వచ్చా. ఇంకా వాపు తగ్గలేదు, చూడు." నోరు తెరిచాడు. నేను చూడలేదు.

"మరి డెల్బర్ట్ పెట్టె ఎవరు తీసుకున్నారు?"

"ఎవరు తీసుకుంటారు, అర్లీనే. వెనక గదిలో పడేస్తుంది. నాకు తీరినప్పుడు నేను తెరుస్తా."

"అయితే మంగళవారమే వచ్చింది."

వర్జిల్ నోరు జారాడు. ఆ సంగతి ఆయనకీ తెలిసింది.

"వచ్చిన మర్నాటికల్లా రిజిస్టర్లో ఎక్కించాలి, నాకు తెలుసు, నాకు నేర్పకు," అన్నాడు. "నలభై ఏళ్ళుగా ఈ కౌంటర్ వెనకున్నా. చేతిలోకి తీసుకో, భుజానికి ఆనించి చూడు, గొట్టంలో తొంగి చూడు, నచ్చితే పట్టుకుపో, నచ్చకపోతే పెట్టేసి పో. అదీ తుపాకీ కొనడమంటే. వీళ్ళేంటి? పక్క మీద పడుకుని ఫోటోలు చూస్తారు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు 'చాలా బాగుంది' అని రాస్తే నమ్ముతారు. తీరా ఫారం నింపించడానికి, ఫోన్ చేయించడానికి, వాడి మొహం పరీక్ష చెయ్యడానికి నేను కావాలి. నేను వాళ్ళ గుమస్తానా? అందుకే ఉండనిస్తా. నాలుగు రోజులు ఉండనీ. చావరుగా."

"ఈసారి ఒకడు చచ్చాడు."

"డెల్బర్ట్ చంపాడు. వాడే కదా అన్నాడు చంపుతానని."

"శుక్రవారం దాకా రైఫిల్ మీ వెనక గదిలో ఉంటే బుధవారం డెల్బర్ట్ దేంతో చంపాడు?"

ఆయన గుడ్డ తీసుకుని కౌంటర్ తుడవసాగాడు. బుర్ర లేక కాదు. డెల్బర్ట్ అమాయకుడని చెప్పాలంటే తన తారీఖు అబద్ధమని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది. ఆరు రోజులుగా ఆయన ఈ రెంటినీ తూచి, నోరు మూసుకోవడమే లాభమనుకున్నాడు. అప్పటిదాకా నాకు ఆయనంటే చిరాకు మాత్రమే ఉండేది. అప్పుడు అసహ్యం వేసింది.

పన్నెండూ ఐదుకి హోల్కమ్ వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చదు, ఎప్పుడూ నచ్చలేదు.

"డిటెక్టివ్ కోల్టర్‌మన్, నా సాక్షికి కాఫీ తాగిస్తున్నారా?"

"వాళ్ళు పెట్టిన కాఫీ నేను తాగుతున్నా. మీరూ తాగండి. ఇక్కడ నెట్‌లో ఆర్డర్ ఇవ్వక్కర్లేదు."

హోల్కమ్ కౌంటర్ మీద ఒక కాగితం పెట్టాడు. "రాయిస్ టెనంట్ బల్ల సొరుగులో దొరికింది. లైసెన్సుల ఆఫీసుకి రాసిన ఫిర్యాదు నకలు. ప్రోక్టర్ దుకాణంలో పెట్టెలు రోజుల తరబడి పడుంటాయనీ, రిజిస్టర్లో తారీఖులన్నీ అబద్ధాలనీ. చనిపోవడానికి రెండు రోజుల ముందు పోస్ట్ చేశాడు. ఇప్పుడు చెప్పండి వర్జిల్ గారూ. రాయిస్ మీ దుకాణం మూయించబోతున్నాడు. డెల్బర్ట్‌కి రాయిస్ అంటే పగ. మంగళవారం మీరు రైఫిల్ తీసి డెల్బర్ట్‌కిచ్చారు, అతను బుధవారం పని ముగించి తెచ్చాడు, మీరు శుక్రవారం తారీఖు వేశారు. అవునా?"

వర్జిల్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం చదివాడు. ఆయన పెదాలు పాలిపోయాయి. ఆ కాగితం ఆయన మొదటిసారి చూస్తున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. హోల్కమ్‌కి తెలియలేదు, ఎందుకంటే అతను వర్జిల్ మొహం కాకుండా నా మొహం చూస్తున్నాడు, నేను ఓడిపోయానా లేదా అని. వెనక గది గుమ్మంలో అర్లీన్ కాఫీ జగ్గు పట్టుకుని నిలబడి ఉంది. అంత గొడవలోనూ ఆ కాగితంలో ఏముందో చూడ్డానికి ఆమె మెడ కూడా చాచలేదు. ఆ సంగతి నేను అప్పుడు గమనించాను కానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"ఇంకోటి," అని హోల్కమ్ తూటాల అర దగ్గరికి నడిచాడు. పై వరసలో దుమ్ముకొట్టుకున్న అట్టపెట్టెలు. "257 రాబర్ట్స్. ఒకే ఒక్క పెట్టె. చుట్టూ వేలెడు దుమ్ము, దీని మీద లేదు." రుమాలుతో తీసి తెరిచాడు. "ఇరవై ఉండాలి. పందొమ్మిదున్నాయి. తూటా కూడా మీరే ఇచ్చారన్నమాట."

"ఆ పెట్టె నేను ముట్టుకుని పదేళ్ళయింది," అన్నాడు వర్జిల్.

"రెండింటికి జడ్జిగారికి చెప్పుకోండి. డెల్బర్ట్ పక్కన మీకూ ఒక కుర్చీ వేయిస్తా."

"హోల్కమ్ గారూ," అన్నాను, "డెల్బర్ట్ శుక్రవారం స్క్రూలు పాడయ్యాయని గోలపెట్టాడు. ఆ రాత్రే అమ్మినవాడికి ఫోటోలతో సహా ఫిర్యాదు రాశాడు. మంగళవారం రైఫిల్ తీసుకెళ్ళి మనిషిని చంపినవాడు శుక్రవారం దాని మీద ఫిర్యాదు రాసి, ఫోటోలు తీసి, ఊరంతా దాని మీదకి చూసేలా చేసుకుంటాడా?"

"నాటకం."

"డెల్బర్ట్‌కి నాటకమాడేంత తెలివుంటే హోటల్లో పదిమంది ముందు ఆ మాట అనేవాడు కాదు."

"మీకు ఇంకో హంతకుడున్నాడా? లేడు. నాకు ఇద్దరున్నారు."

"మీరు రాజధానికి తొందరగా వెళ్ళాలనుకుంటున్నారు. అందుకే ఎవరు దొరికితే వాళ్ళు చాలు మీకు."

అతని మొహం ఎర్రబడింది. నేను వెనక గదిలోకి నడిచాను. ఆగమని అతను అనలేదు, ఎందుకంటే అక్కడ ఏం చూడాలో అతనికి తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టుకుని నా వెనకే వచ్చాడు.

వెనక గది ఇరుకు. ఎడమ గోడకి వర్జిల్ పనిబల్ల. దాని పైన పలకకి స్క్రూడ్రైవర్లు వరసగా, చిన్నదాన్నుంచి పెద్దదాకా, ఒక్కోదానికి ఒక్కో కొక్కెం. మొత్తం ముప్పై రెండు. ఒక్కో గాడికి సరిగ్గా అమరేలా ఆయనే స్వయంగా మొనలు సాన పెట్టుకున్నాడు. కుడివైపు అర్లీన్ కుట్టు మిషను, బెల్టులు, పోస్టులో పంపడానికి కట్టిన పొట్లాలు. గోడ మీద పాత ఫోటో. యవ్వనంలో అర్లీన్, కాళ్ళ దగ్గర కొమ్ముల జింక. మూలన, తిరిగి వాడుకోవడానికి మడిచి పెట్టిన ఖాళీ అట్టపెట్టెలు. డెల్బర్ట్ పేరున్నది పైనుంచి మూడోది.

దాన్ని విప్పి బల్ల మీద పరిచాను. పైభాగం కత్తితో ఒకేసారి, శుభ్రంగా కోసి ఉంది. డెల్బర్ట్ చెప్పినట్టే. తిరగేశాను. అడుగున అమ్మినవాడు వేసిన తెల్లటి టేపు, దారాలున్నది. అది మధ్యలో కోసి ఉంది. ఆ కోత మీద ఇంకో టేపు, తడి చేసి అంటించే గోధుమరంగు కాగితం టేపు.

"ఇలాంటి టేపు ఎక్కడుంది?" అని హోల్కమ్‌ని అడిగాను.

అతను చుట్టూ చూశాడు. టేపు చుట్ట అతని మోచేతి పక్కనే ఉంది. కాసేపు పట్టింది.

"అడుగునుంచి తెరిచి, తిరిగి అంటించారు," అన్నాను. "మీ కథ ప్రకారం వర్జిల్, డెల్బర్ట్ ఇద్దరూ తోడుదొంగలు. మరి దొంగలు ఒకరి కోసం ఒకరు పెట్టె మళ్ళీ అంటించుకుంటారా? ఎవర్ని నమ్మించడానికి?"

హోల్కమ్ కోటు సర్దుకున్నాడు. నాకు అంత తృప్తి ఈ మధ్య కలగలేదు.

నేను కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చి తెల్లకాగితం, పెన్ను వర్జిల్ ముందు పెట్టాను. పన్నెండూ ముప్పై ఐదు.

"రాయండి. పెట్టె మంగళవారం వచ్చింది. శుక్రవారం నాలుగు దాకా మీ వెనక గదిలో ఉంది. డెల్బర్ట్ ఎదుటే తెరిచారు. అంతకుముందు అతను దాన్ని చూడలేదు, ముట్టుకోలేదు. కింద సంతకం."

"లైసెన్సు పోతుందమ్మాయ్."

"పోతుంది."

"నలభై ఏళ్ళు."

"డెల్బర్ట్‌కి ఎన్నేళ్ళు మిగిలాయో మీరు లెక్కెయ్యండి. నెట్‌లో కొనడం తప్పే అనుకుందాం. దానికి ఉరి వెయ్యాలా? మూడు రోజులు నానబెట్టారుగా, ఆ కసి తీరలేదా?"

"వాడు నా దగ్గర కొనకుండా..."

"మీ దగ్గర అలాంటి రైఫిల్ ఉందా? ఎప్పుడైనా తెప్పించారా? గోడ నిండా ప్లాస్టిక్ పిడులు పెట్టుకుని, పాతది అడిగినవాణ్ణి వెక్కిరించి పంపుతారు. అతను ఇరవై రెండు ఫోటోలు అడిగి, అమ్మేవాడి గురించి వందమంది రాసింది చదివి, చట్టప్రకారం మీ దగ్గరికి తెప్పించుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో పద్ధతిగా ఉన్నవాడు వాడొక్కడే. జైల్లో ఉన్నది కూడా వాడే."

వర్జిల్ కాగితం తనవైపు లాక్కున్నాడు. తర్వాత రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. పన్నెండూ యాభైకి సంతకం పెట్టి పెన్ను విసిరేశాడు. నేను కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. డెల్బర్ట్ బతికిపోయాడు. ఈ కాగితం, ఆ పెట్టె చూశాక ఏ జడ్జీ అతన్ని లోపల ఉంచడు.

సంతకం అయ్యేదాకా ఆగడం నా తెలివి. మొదటే చూపించి ఉంటే ఆయన పెన్ను ముట్టేవాడు కాదేమో. ఇప్పుడు ఫోన్ తీసి స్క్రూల ఫోటో ఆయన ముందు పెట్టాను.

"ఇది చూడండి."

"చూశాగా శుక్రవారం. నెట్ సరుకు."

"అమ్మినవాడు పంపేటప్పుడు బాగానే ఉన్నాయి. ఇదిగో అతను తీసిన ఫోటో. మంగళవారానికీ శుక్రవారానికీ మధ్య పాడయ్యాయి. బుధవారం తెల్లవారుజామున వాన. తడిసిన రైఫిల్ పిడి విప్పకుండా తుడిస్తే ఏమవుతుంది?"

"లోపల తుప్పు పడుతుంది. రెండు రోజుల్లో తెలిసిపోతుంది. తుపాకులు తెలిసినవాడెవడైనా విప్పి ఆరబెట్టి నూనె రాస్తాడు." చెప్తూనే ఫోన్ దగ్గరికి తీసుకున్నాడు. పనివాడి కళ్ళు, చూడకుండా ఉండలేవు. శుక్రవారం ఈ స్క్రూలనే చూసి నవ్వాడు. నెట్‌లో వచ్చింది కాబట్టి పాడైపోయే ఉంటుందని అనుకున్నాడు, డెల్బర్టూ అమ్మినవాడు దొంగ అనుకున్నాడు. ఇద్దరూ తమకి గిట్టనిది చూశారు తప్ప స్క్రూని చూడలేదు.

"వీడి చేతులు విరగ్గొట్టాలి," అన్నాడు వర్జిల్. "ఇంత మంచి గాడిని ఎలా కెలికాడో చూడు. మొన సరిపోలేదు. సగం వెడల్పు కూడా లేదు. వంటింటి కత్తి కాదు, కత్తైతే ఇంకా జారేది. స్క్రూడ్రైవరే. కానీ సన్నటిది, పొట్టిది, పట్టు దొరకనిది. నా పలక మీద అలాంటి చెత్త ఉండదు. ఇలాంటి పుల్లలు కుట్టు మిషను కొన్నప్పుడు దాంతో పాటు..."

ఆగిపోయాడు.

హోల్కమ్ ఇంకా మిగతా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నేను గుమ్మం వైపు చూశాను. అర్లీన్ కాఫీ జగ్గు జాగ్రత్తగా కింద పెట్టింది. వెనక్కి వెళ్ళి, మిషను సొరుగు లాగి, వేలంత స్క్రూడ్రైవర్ తెచ్చి కౌంటర్ మీద భర్త ముందు పెట్టింది. దాని మొనకి స్క్రూ నల్లరంగు ఇంకా అంటుకుని ఉంది.

"నలభై ఏళ్ళలో నీ స్క్రూడ్రైవర్లు నన్ను ముట్టుకోనివ్వలేదు," అంది. గొంతులో ఏ ఒడిదుడుకూ లేదు. "ఆడవాళ్ళు ముడితే మొన విరుగుతుందన్నావు. ఒక్కటి తీసినా కొక్కెం మీద తేడా కనిపెడతావని భయమేసింది. ఉన్నదాంతో విప్పుకున్నా."

"అర్లీన్," అన్నాడు వర్జిల్.

"రాయిస్ సోమవారం వచ్చాడు. నువ్వు భోజనానికెళ్ళావు. ఆ ఫిర్యాదు నాకు చదివి వినిపించాడు. క్రిస్మస్‌కల్లా తాళం వేయిస్తానన్నాడు, నవ్వుతూ. నీకు చెప్తే ఏం చేస్తావు? ఇక్కడ కూర్చుని నెట్‌ని తిడతావు. ఫిర్యాదు చేసినవాడే లేకపోతే ఆ కాగితం మూలన పడుతుందనుకున్నా." నావైపు తిరిగింది. "ఈ దుకాణంలో ప్రతిదీ పుస్తకంలో ఉంటుందమ్మా. ఒక్క ఆ పెట్టెలే ఉండవు, ఈయన తీరిగ్గా రాసేదాకా. అందుకే అది తీశా."

"డెల్బర్ట్ సంగతి ఆలోచించలేదా అర్లీన్ గారూ?"

"ఆలోచించకపోవడమేంటి. ఈయనెలాగూ ఎప్పటిలాగే ఆలస్యంగా తారీఖు వేస్తాడు. పుస్తకంలో శుక్రవారం అని ఉంటే బుధవారం ఆ రైఫిల్ ఊళ్ళోనే లేనట్టు. డెల్బర్ట్‌కి ఏమీ కాదు, ఎవరికీ ఏమీ కాదు. ఈయన అబద్ధం మీద నాకు అంత నమ్మకం." ఆమె స్క్రూడ్రైవర్‌ని కౌంటర్ అంచుకి సమంగా జరిపింది. "కొరియర్ వాడికి నేను పెట్టిన సంతకం గుర్తు రాలేదు. నా సంతకం ఎవరడుగుతారు ఇక్కడ."

హోల్కమ్ బేడీలు తీశాడు. ఎవరికి వెయ్యాలో తెలియనట్టు ఒకసారి నావైపు చూశాడు. నేను సాయం చెయ్యలేదు.

వర్జిల్ కౌంటర్ మీదుగా చెయ్యి చాచి నా కోటు అంచు పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు ఇంత సన్నగా ఉంటాయని నేనెప్పుడూ చూడలేదు.

"ఆ కాగితం ఇచ్చెయ్యి మార్వా," అన్నాడు. "నేను రాసింది అబద్ధం. రిజిస్టర్లో ఉన్నదే నిజం. శుక్రవారమే వచ్చింది. రాసిచ్చేస్తా, మళ్ళీ రాసిచ్చేస్తా."

అర్లీన్ ఆయన చేతిని నా కోటు మీంచి తీసి, స్టూలు మీద కూర్చోబెట్టింది. తర్వాత తన రెండు చేతులూ హోల్కమ్ ముందుకి చాచింది.

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. రెండింటికి ముందే నేను కోర్టులో ఉండాలి. కాగితం జేబులోనే ఉంచుకుని బయటికొచ్చాను. వెనకనుంచి వర్జిల్ గొంతు వినిపిస్తూనే ఉంది, శుక్రవారం, శుక్రవారమే అంటూ.